కట్టమంచివారు - ఆంధ్ర విశ్వకళాపరిషత్తు

1926వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో అవతరించినపుడు, ఇది మాది అని చూపుకొనదగిన కళాశాల యొక్కటియు దానికి లేదు. తన యాచార్యులు లేరు, తన విద్యార్థులు లేరు, ప్రయోగశాల లేదు. చెన్నపురి శాసనసభ చేసిన చట్టమొకటి, గవర్నరుగారి అధ్యక్షత, మద్రాసు విశ్వవిద్యాలయమునుండి విడివడి వచ్చిన కొన్ని కళాశాలలు, ఉపాధ్యక్షులుగా వచ్చిన 45 ఏండ్ల బ్రహ్మచారి యొకరు - ఆనాటికి దాని ఆస్తి యింతియే. ఆ బ్రహ్మచారి కట్టమంచి రామలింగారెడ్డిగారు.

చిత్తూరు పట్టణము నానుకొనియే కట్టమంచి గ్రామమున్నది. అచట 1880 డిసెంబరు 10వ తేదీన సుబ్రహ్మణ్యరెడ్డి, నారాయణమ్మ దంపతులకు రామలింగారెడ్డిగారు జన్మించిరి. అప్పటికి చిత్తూరు జిల్లా యేర్పడలేదు. అది ఉత్తరార్కాటు జిల్లాలోనిది. తెలుగు, తమిళము ఒకే వీధిలో వినవచ్చెడి ఆ సీమలో పుట్టి పెరిగినవానికి, భాషల హద్దులు ఎంత నిజమైనవో, ఎంత కల్పితములో చిన్ననాడే తెలిసియుండుట సహజము. చిత్తూరిలో పాఠశాల చదువు ముగించి వారు చెన్నపట్టణమునకు వెడలి క్రైస్తవ కళాశాలలో చేరిరి. విలియం మిల్లరు దొరగారు నడపిన ఆ కళాశాల ఆ రోజులలో దక్షిణాపథమునకు విద్యల పుట్టినిల్లు. ఆంగ్ల సాహిత్యము, చరిత్ర, తత్త్వశాస్త్రము అచట ఎంత శ్రద్ధగా చెప్పబడెడివో, సమర్థి రంగయ్యసెట్టిగారివంటి పండితుల మూలమున తెలుగును అంత శ్రద్ధగనే చెప్పబడుచుండెను.

ఆ కళాశాలలోని ఆంధ్ర భాషాభిరంజని సమాజమువారు 1899లో కావ్యరచనకు ఒక పోటీ యేర్పరచిరి. దాని కొరకు వ్రాయబడినదే ముసలమ్మ మరణము. అప్పటికి కవి వయస్సు 19 ఏండ్లు మించలేదు. మరుసటి యేడు, అనగా 1900లో, ఆ కావ్యము ముద్రితమయ్యెను. ముసలమ్మ అను పేరు చూచి యిది యొక వృద్ధురాలి కథయని భ్రమపడు విద్యార్థులు నేటికిని గలరు. ఆమె నడివయస్సునకైనను రాని యిల్లాలు. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రపు చెరువు పొంగి, కట్ట తెగనున్న తరుణమున, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి యిచ్చినగాని కట్ట నిలువదని ఊరివారికి దేవవాణి వినబడినది. ఆమె తన బిడ్డను, భర్తను, అత్తమామలను విడిచి, ఎవరును బలవంతపెట్టకయే నీటిలోనికి నడచిపోయినది. ఆమె పోయినది, ఊరు నిలిచినది. కథ బ్రౌను దొరగారు ప్రకటించిన అనంతపుర చరిత్రనుండి గ్రహింపబడినది.

ఈ చిన్న కావ్యమున కొత్తదనమేమియని నేటి విద్యార్థి యడుగవచ్చును. ఆనాటివరకు తెలుగు కావ్యమునకు నాయకుడు దేవుడో రాజో కావలెను. నాయిక అతనికి తగిన రాజకన్య కావలెను. కడకు కళ్యాణమో పట్టాభిషేకమో జరుగవలెను. ఇచట నాయిక కాపుయింటి కోడలు. కథ మరణముతో ముగియును. పురాణములలో పేరు లేని పల్లె, చెరువుకట్ట, వాననీరు - ఇవియే రంగస్థలము. ఆంగ్ల సాహిత్యమున విషాదాంత రచనలు చదువుకొన్న విద్యార్థి, ఆ దృష్టితో తన సీమలోని కథనొకదానిని చూడగలుగుట గొప్ప విషయము. అందలి పద్యములన్నియు ఒకే తీరున పండినవని చెప్పజాలము. అయినను ఆధునికాంధ్ర కవిత్వ చరిత్ర చెప్పుచు ఆ కావ్యమును దాటిపోయిన విమర్శకులు అరుదు.

ఇంతటి ప్రారంభము చేసిన కవి ఆ దారినే పోయియుండిన ఏమయ్యెడిదో చెప్పజాలము. 1902లో ప్రభుత్వపు విద్యార్థి వేతనము లభించి రెడ్డిగారు కేంబ్రిడ్జికి వెడలిరి. సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి చరిత్రలో ట్రైపాసు పరీక్షయందు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైరి. దానికంటె ఆనాటి భారతీయులకు ఆశ్చర్యము గొలిపినది వేరొకటి. కేంబ్రిడ్జి యూనియన్ అను చర్చాసంఘము ఇంగ్లండు రాజకీయవేత్తలకు శిక్షణరంగము వంటిది. ఆ సంఘమునకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైన మొదటి భారతీయులు రెడ్డిగారే. దొరల భాషలో దొరల నడుమ నిలిచి, వారి వాదములను వారి తర్కముతోనే ఖండించు నేర్పు ఆయనకు అచట అలవడినది. ఆ నాలుక పదును కడవరకు తగ్గలేదు. ఆయన వ్యంగ్యమునకు గురియైనవారు దానిని మరచిపోలేదనుటయు సత్యమే. జీవితమున ఆయనకు తెచ్చిపెట్టిన మిత్రులు, శత్రువులు ఉభయులును ఆ వాక్కు సంపాదించినవారే.

ఇంగ్లండునుండి అమెరికా మీదుగా వచ్చి, అచటి విద్యాలయములను చూచి, రెడ్డిగారు బరోడా చేరిరి. విద్యావిషయమున దేశీయ సంస్థానాధిపతులలో అగ్రగణ్యులైన సయాజీరావు గైక్వాడుగారు ఆయనను ఆదరించి తమ కళాశాలలో నియమించిరి. అంతకు కొలదికాలము ముందు అరవింద ఘోషుగారు పనిచేసి విడిచిన కళాశాల అది. అచట ఎక్కువకాలము నిలువక 1909లో మైసూరు మహారాజా కళాశాలకు ఆచార్యులై వెళ్లిరి. మైసూరులో గడపిన ఆ పండ్రెండేండ్లును ఆయన జీవితమున కేవలము ఉద్యోగపు లెక్కలోనివి కావు. విశ్వవిద్యాలయమనగా నేమి, దానిని కట్టుటయెట్లు అను విద్యను ఆయన అక్కడనే నేర్చిరి.

మైసూరు సంస్థానమునకు స్వంత విశ్వవిద్యాలయము కావలెనను తలంపు నాల్వడి కృష్ణరాజ ఒడయరుగారికిని, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికిని కలిగినది. ఎట్టి విశ్వవిద్యాలయము మైసూరునకు తగునో పరిశీలించుటకు నియోగింపబడిన యిరువురిలో ఒకరు థామస్ డెన్‌హాముగారు, రెండవవారు రెడ్డిగారు. పరదేశముల విద్యాపద్ధతులను పరిశీలించి వారు చేసిన సూచనలు ఆ ప్రయత్నమునకు ఆధారమైనవి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. భారతదేశమున బ్రిటిషు పరిపాలిత ప్రాంతములకు వెలుపల నెలకొల్పబడిన మొదటి విశ్వవిద్యాలయము అదియే. అదే యేట రెడ్డిగారు మహారాజా కళాశాలకు అధ్యక్షులైరి. 1918 మొదలు 1921 వరకు సంస్థానపు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలుగా నుండిరి. ఈ పదవిలో ఆయన చేసిన పనులలో నేటి ఉపాధ్యాయులు జ్ఞాపకముంచుకొనదగినది ఒకటి కలదు. సర్కారు పాఠశాలలలో పంచమ బాలురకు ప్రవేశము నిరాకరింపరాదను పద్ధతి ఆయన కాలముననే గట్టిపడినది. అగ్రవర్ణములవారు తమ పిల్లలను మాన్పించుకొనుటకు సిద్ధపడినను ఆయన వెనుదీయలేదు.

మైసూరులో నుండగనే తెలుగులో ఆయన చేసిన విమర్శ వెలువడినది. 1914లో ప్రకటితమైన కవిత్వతత్త్వ విచారము పింగళి సూరన కృతులైన కళాపూర్ణోదయ, ప్రభావతీప్రద్యుమ్నములను గూర్చినది. అయితే అది సూరనతో నిలువలేదు. తెలుగు కవులు కథను విడిచి వర్ణనలపై పడుట, ఒకరు వర్ణించినదానినే వేరొకరు వర్ణించుట, భావనాశక్తికి బదులు శబ్దచమత్కారమును నమ్ముట - వీనినన్నిటిని ఆయన నిర్మొగమాటముగా విమర్శించిరి. తిక్కనను, సూరనను ఎత్తి నిలిపిన చేతితోనే పెక్కు ప్రబంధములను దింపివేసిరి. పండితలోకము అట్టుడికినట్లుడికినది, ఖండనములు వెలువడినవి. ప్రబంధ కవులకు ఆయన చేసినది పూర్ణన్యాయమని చెప్పరాదు. పాశ్చాత్య కొలబద్దతో కొలిచినపుడు మన సొమ్ములు కొన్ని తక్కువ తూగుట సహజము, ఆ సొమ్ములు చేయబడినది వేరొక ప్రయోజనము కొరకు గనుక. కాని అలంకారశాస్త్రములోని పేర్లు వల్లించుటయే విమర్శయనుకొనుచున్న కాలమున, పాత్రలేమి, కథ నడకయేమి, దానిలోని ఔచిత్యమేమి అని ప్రశ్నించుట నేర్పినది ఆ గ్రంథమే. నేడు కళాశాల తరగతిలో కళాపూర్ణోదయమును బోధించువారెవ్వరైనను, అంగీకరించియో కాదనియో, కట్టమంచివారిని తలపకుండ ముందుకు పోజాలరు. ఈ కాలముననే తెలుగున అర్థశాస్త్రమును రచించి, ఆ శాస్త్రము మన భాషలో చెప్పుటకు సాధ్యమేయని చూపిరి. పారిభాషిక పదములు లేవని తప్పించుకొనువారికి ఆ గ్రంథము ఒక జవాబు.

1921లో మైసూరు కొలువు విడిచి రెడ్డిగారు చెన్నరాష్ట్ర రాజకీయములలో ప్రవేశించిరి. జస్టిసు పక్షమున శాసనసభ్యులైరి గాని ఆ పక్షపు నాయకులతో వారికి పొత్తు కుదురలేదు. 1923 నవంబరులో పానుగల్లు రాజాగారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము ప్రతిపాదించినవారు ఆయనయే. తీర్మానము వీగిపోయినది. శాసనసభలో మంత్రులను నిలదీయు ఈ పద్ధతి ద్వంద్వ ప్రభుత్వపు కాలమున అపూర్వమైనది కావున చరిత్రలో నిలిచినది. విచిత్రమేమన, ఏ మంత్రివర్గమును కూలద్రోయ ఆయన యత్నించిరో ఆ మంత్రివర్గపు విద్యామంత్రి ఎ.పి. పాత్రోగారే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చట్టమును సభలో నెగ్గించినది. ఆ మంత్రివర్గము అధికారములో నుండగనే రెడ్డిగారు దానికి మొదటి ఉపాధ్యక్షులైనది.

ఈ చట్టము ఊరక రాలేదు. 1857లో స్థాపింపబడిన మద్రాసు విశ్వవిద్యాలయము తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ సీమలకెల్ల ఒకటియే. అది చిరకాలము పరీక్షలు జరిపి పట్టములిచ్చు సంస్థగా నుండెను. గంజామునుండి బయలుదేరిన విద్యార్థికి పైచదువు కావలెనన్న చెన్నపట్టణమే దిక్కు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది మొదలు, ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రముతోబాటు ప్రత్యేక విశ్వవిద్యాలయము కావలెనను కోరిక బలపడుచు వచ్చినది. మైసూరునకు 1916లో వచ్చినది. హైదరాబాదున ఉర్దూ బోధనభాషగా ఉస్మానియా 1918లో వచ్చినది. రాష్ట్రము రాకపోయినను విశ్వవిద్యాలయమైనను రానిండని ఆంధ్ర నాయకులు పట్టుపట్టిరి. 1925లో చట్టమైనది. రాష్ట్రము రాకమునుపే ఆంధ్ర అను పేరు ధరించి చట్టబద్ధముగా నెలకొన్న పెద్దసంస్థ ఇదియే యనవచ్చును.

పేరు వచ్చినంత సులభముగా చోటు దొరకలేదు. బెజవాడయా, రాజమహేంద్రవరమా, విశాఖపట్టణమా, అనంతపురమా? ప్రతి పట్టణమునకు తన వాదమున్నది. బెజవాడ నడుమ నున్నది. రాజమహేంద్రవరము విద్యకు పాతకాపు. విశాఖ సముద్రతీరము, విశాల స్థలము గలది. అనంతపురము నడుగువారు, వెనుకబడిన సీమకు ఈ ఒక్కటియైన ఇండనిరి. సెనేటులో, శాసనసభలో, పత్రికలలో ఈ వివాదము మూడు నాలుగేండ్లు సాగినది. కడకు వాల్తేరు గెలిచినది. దత్తమండలములవారు చిన్నవోయి, తమ కళాశాలలను మద్రాసు విశ్వవిద్యాలయములోనే యుంచుకొనిరి. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఆ మండలములకు రాయలసీమయని పేరు పెట్టుకొనిన వేళ ఇదియే. ఇట్లు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టిన కొలది యేండ్లకే దాని ఆంధ్రము సగమై, సర్కారు జిల్లాల విశ్వవిద్యాలయముగా మిగిలినది.

ఇచట రెడ్డిగారి స్థితిని తలచుకొనవలెను. ఆయన చిత్తూరివారు. ఆయన తొలి కావ్యపు నాయిక అనంతపురపు చెరువు కట్టపై ప్రాణమిచ్చినది. ఆ సీమ తన కనుల యెదుట తన సంస్థనుండి తొలగిపోయినది. ఉపాధ్యక్షుడు తన యూరివారి పక్షము వహించిన సర్కారువారు సహింపరు; వహింపనిచో సొంతయూరివారు క్షమింపరు. సంస్థ ముక్కలుగాకుండ నిలుపుటకు ఆయన చేసిన యత్నములు ఫలింపలేదు. 1937 నవంబరున శ్రీబాగు ఒడంబడిక వ్రాసుకొన్నపుడు, అందలి మొదటి విషయములలో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెననుట చేరుటనుబట్టి, ఆ గాయమెంత లోతైనదో తెలియును. ఒక విశ్వవిద్యాలయపు చోటును గూర్చిన తగవు, తరువాతి రాష్ట్ర రాజకీయములలో రాజధానులను గూర్చిన తగవులకు తొలి రూపమని చెప్పుట అతిశయోక్తి కాదు.

సంస్థకు చిహ్నమొకటి కావలసివచ్చినపుడు, రెడ్డిగారి సూచనలననుసరించి దానిని చిత్రించినవారు కౌతా రామమోహనశాస్త్రిగారు. ఉదయించు సూర్యుడు, ఆ కిరణములు వివిధ విద్యాశాఖలు, లక్ష్మీ సరస్వతులిరువురకు పీఠమైన పద్మము, మంగళకరమైన స్వస్తికము, జ్ఞానమును వెదకి కాపాడు సర్పములు చుట్టును. ఆదర్శవాక్యము ఉపనిషత్తుల శాంతిపాఠమునుండి వచ్చినది. గురుశిష్యులు కలిసి చేసిన అధ్యయనము తేజోవంతము గావలెనని దాని భావము. లక్ష్మిని సరస్వతిని ఒకే పద్మముపై కూర్చుండబెట్టిన ఆ ఊహలో అర్థశాస్త్రము వ్రాసిన రెడ్డిగారి చేయి కనబడుచున్నది. చదువు దేశమునకు అన్నము పెట్టవలెనని ఆయన మతము. కవి యయ్యును విజ్ఞానశాస్త్రములకు, సాంకేతిక విద్యలకు ఆయన తహతహలాడినది అందుచేతనే.

1930లో విశ్వకళాపరిషత్తు వాల్తేరు చేరినది. అదే యేట గాంధీమహాత్ముని ఉప్పు సత్యాగ్రహము దేశమంతట వ్యాపించినది. లాఠీదెబ్బలు, చెరసాలలు నిత్యకృత్యములైనవి. ప్రభుత్వపు ఈ దమననీతికి నిరసనగా రెడ్డిగారు ఉపాధ్యక్ష పదవికి రాజీనామా యిచ్చిరి. ఈ త్యాగపు బరువు తెలియవలెనన్న ఒక్క విషయము గుర్తింపవలెను: ఆయన కాంగ్రెసు సేవకులు కారు, ఖద్దరు దీక్ష వహించినవారు కారు. కొండపై గోడలు లేచుచున్న వేళ, నాలుగేండ్లు అద్దెయిండ్లలో మోసిన సంస్థకు సొంతగూడు దొరకిన వేళ, దానిని విడిచిరి. సర్కారు జీతమునకును పాలకుని మనస్సాక్షికిని పొత్తు కుదురనపుడు ఏది విడువవలెనో ఆయనకు సంశయము కలుగలేదు.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ పీఠమెక్కిరి. మైసూరులో ఉభయులు కొంతకాలము ఒకే సంస్థానపు కొలువున నుండినవారే. రాధాకృష్ణగారి అయిదేండ్లు విశ్వకళాపరిషత్తునకు వసంతకాలము. అంతవరకు పరీక్షలు జరుపుటయే ముఖ్యముగా నున్న సంస్థ స్వయముగా బోధించుట ప్రారంభమయ్యెను. 1931లో తెలుగు శాఖ వెలసినది. పింగళి లక్ష్మీకాంతముగారు అందు ఆచార్యులైరి. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు యేటేట లక్షరూపాయలిచ్చుటకు పూనుకొనగా విజ్ఞాన సాంకేతిక కళాశాల లేచినది. స్వయముగా కవియు పండితుడునైన ఆ మహారాజు పేరు ఆ కళాశాలకు పెట్టబడినది. భౌతికశాస్త్రమునకు సూరి భగవంతముగారు, రసాయనశాస్త్రమునకు టి.ఆర్. శేషాద్రిగారు వచ్చిరి. హుమాయూన్ కబీరు, హీరేంద్రనాథ ముఖర్జీ వంటి వంగదేశపు యువకులు ఇచట బోధించిరి. 1933లో రవీంద్రనాథ ఠాకూరుగారు వాల్తేరు వచ్చి మానవుని గూర్చి ఉపన్యసించిరి. వారి ఉపన్యాసములు తరువాత గ్రంథరూపము దాల్చినవి.

1936లో రాధాకృష్ణగారు ఆక్స్‌ఫర్డు ఆచార్య పదవికి పోగా రెడ్డిగారు మరల ఉపాధ్యక్షులైరి. సెనేటు వారిని పదే పదే ఎన్నుకొనుచు వచ్చినది. 1949 వరకు, అనగా పదమూడేండ్లు, వారే ఉపాధ్యక్షులు. మొదటి విడతయుం గలిపిన పదునేడేండ్లు. మరియెవ్వరును ఆ సంస్థను అంతకాలము నడపియుండలేదు.

ఈ రెండవ విడతలో 1938లో జరిగిన విషయమొకటి తెలుగు ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగినది. ఆ యేట గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారికి విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించినది. వాడుకభాష కొరకు ముప్పదేండ్లు పోరాడి, పండితులచే ఎన్నోమార్లు తిరస్కృతులైన వృద్ధులు వారు. సవరలకు లిపియు, నిఘంటువును, పాఠశాలలును కూర్చిన మహనీయులు. రెడ్డిగారి గ్రంథములన్నియు గ్రాంథికముననే యున్నవి. అట్టివారి యేలుబడిలోని విద్యాపీఠము అట్టివారికి పట్టము గట్టుట, వాదము వేరు విద్వత్తు వేరు అని యెరిగినవారు మాత్రమే చేయగలిగిన పని. రెండేండ్లకు పంతులుగారు పరమపదించిరి; ఆలసించియుండిన ఆ గౌరవము అందకయే పోయియుండెడిది.

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడినవి. పట్టణము ఖాళీయైనది. వాల్తేరు కొండపై భవనములు సైన్యము పాలైనవి. పుస్తకములను, యంత్రములను, ఆచార్యులను, విద్యార్థులను తరలించుకొని విశ్వకళాపరిషత్తు గుంటూరు చేరవలసివచ్చెను. బెజవాడలో ఇల్లులేక మొదలైనది, మరల ఇల్లులేనిదైనది. అరువు గదులలో తరగతులు, అందని సామగ్రి, యుద్ధకాలపు కాగితపు కరవు - వీని నడుమ పరీక్షలు ఆగకుండ, పట్టములు ఆగకుండ నడపుట ఉపాధ్యక్షునకు భాషణములవలన సిద్ధించు కార్యము కాదు. అప్పటికి రెడ్డిగారి వయస్సు 61 ఏండ్లు దాటినది. యుద్ధము ముగిసిన పిమ్మట సంస్థ తిరిగి తన గూటికి వచ్చినది.

ఆ 1942లోనే ప్రభుత్వము వారికి సర్ బిరుదమిచ్చినది, ఆయన స్వీకరించిరి. ఆ యేడే ఆగస్టున దేశము క్విట్ ఇండియా యని గర్జించినది. 1930లో పదవిని విసరివేసినవారు 1942లో బిరుదమును గ్రహించుట యేమియని ఆనాడే కొందరు ఎత్తిపొడిచిరి. ఈ ప్రశ్నను దాచుట చరిత్రకారునకు తగదు. సంస్థ కొరకు పాలకుల అనుగ్రహము నిలుపుకొనవలసివచ్చెనని ఆయన అభిమానులనవచ్చును. వయస్సుతోబాటు ఆవేశము చల్లారెనని ఇతరులనవచ్చును. రెండింటను కొంత నిజముండవచ్చును. బిరుదములేని రామలింగారెడ్డిగారే మిన్నయని తలచువారితో వాదమునకు దిగుట కష్టము.

1943లో ఉత్కళ విశ్వవిద్యాలయము స్థాపితమైనందున గంజాము ప్రాంతపు కళాశాలలు అటు మరలినవి. దక్షిణమున ముందే పోయినది. ఇప్పుడు ఉత్తరమున కొంత పోయినది. అయినను నడుమనున్న జిల్లాలలో కళాశాలలు పెరుగుచు వచ్చినవి. అందొకటి 1945లో ఏలూరున వెలసినది. స్థాపకులు దానికి రెడ్డిగారి పేరే పెట్టుకొనిరి. సజీవులై యుండగనే తన పేరిటి కళాశాల తన విశ్వవిద్యాలయమునకే అనుబంధమగుట చూచిన భాగ్యము వారిది. వివాహము చేసికొననివారికి వంశము పుస్తకములును, కళాశాలలును గాక మరేమున్నది?

1949లో వాల్తేరు విడిచి రెడ్డిగారు మైసూరు విశ్వవిద్యాలయమునకు సహాధ్యక్షులుగా వెళ్లిరి. ముప్పదిమూడేండ్లకు ముందు పునాదులు తీయుటలో చేయివేసిన సంస్థ అది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున వారి స్థానమునకు ఆర్థికశాస్త్రాచార్యులు వాసిరెడ్డి శ్రీకృష్ణగారు వచ్చిరి. వారు 1961 వరకు నడపిరి. రెడ్డిగారు మైసూరులో ఎక్కువకాలము నిలుచుటకు ఆయుర్దాయము చాలలేదు. 1951 ఫిబ్రవరి 24వ తేదీన 70వ యేట కీర్తిశేషులైరి. ఆంధ్రరాష్ట్రము ఏర్పడుట వారు చూడలేదు.

1953 అక్టోబరున రాష్ట్రమేర్పడినది. మరుసటి యేడు, 1954లో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. పాతికేండ్లుగా మద్రాసువైపు చూచుచుండిన రాయలసీమ కళాశాలలకు అది ఇల్లైనది. కట్టమంచినుండి తిరుపతికి ఒక పూట ప్రయాణము.